మూడో గదిలో భోజనాలు

ఆ ఉదయం అమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు పనిచేసే పరిశోధనశాల గేటు దాకా వెళ్లడం, భోజనం డబ్బా ఆమె చేతిలో పెట్టడం, మొహం ఒకసారి తేరిపార చూసుకోవడం, వచ్చిన బస్సెక్కి తిరిగి రావడం. కూర్చోబెట్టి మాట్లాడించాలన్న ఆశ కూడా పెట్టుకోలేదు. ఆశ పెట్టుకున్న రోజే ఏదో ఒకటి అడ్డం పడుతుందని ఆమెకు గట్టి నమ్మకం.

కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. చిన్నప్పుడు నాలుగు మెతుకులు కొరికి లేచి పరిగెత్తేది కనక ఆ పేరు వచ్చింది. పెద్దయ్యాక తిండి పెరగలేదు కనక పేరూ పోలేదు. ఉన్నది అదే ఊళ్లో. బస్సెక్కితే ఒక కునుకు తీసేలోగా వచ్చే దూరం. అయినా పరిశోధనశాల పక్కనే గది తీసుకుని నెలల తరబడి ఇంటి గుమ్మం తొక్కడం మానేసింది. ఫోన్ చేస్తే పనిలో ఉన్నానమ్మా, తర్వాత చేస్తానంటుంది. ఆ తర్వాత ఎప్పుడొస్తుందా అని అమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకునే కూరలు తరుగుతుంది. ఫోన్ రాకపోతే పిల్లకు జ్వరం వచ్చి ఉంటుందనుకుంటుంది. వస్తే, ఏదో ముంచుకొస్తేనే కదా చేసింది అనుకుంటుంది. ఒకసారి ఫోన్ మోగుతుండగానే ఏడుపు అందుకుంది. ఎత్తి చూస్తే అవతల టీవీ బాగుచేసే మనిషి.

కూతురు చేసే పని ఏమిటో అమ్మకు అర్థమైనంత వరకు ఇదీ. కంచెల మీద పాకే ఒక చేదు తీగ ఉంది. దాని ఆకులోంచి ఏదో పదార్థం వేరుచేసి ఎలుకలకు పట్టిస్తారు. ఆ పైన ఎలుకలకు విషం లాంటి మందు ఇస్తారు. ఆకు తిన్న ఎలుకల కాలేయాన్ని ఆ పదార్థం కాపాడిందా లేదా అని చూస్తారు. కాపాడితే రేపు మనుషులకు మందవుతుంది. ఇందులో విషం అన్న ఒక్క మాటే అమ్మ చెవిలో నిలిచిపోయింది. అప్పటి నుంచి పిచ్చుక ఫోన్ ఎత్తిన ప్రతిసారీ మొదటి ప్రశ్న "చేతులు కడుక్కున్నావా?" అనే.

డబ్బా సర్దుతుంటే పిచ్చుక నాన్న పేపర్లోంచి తలెత్తి, వెళ్లడం వల్ల పిల్లకు ఇబ్బందేమో ఆలోచించుకోమన్నాడు.

"ఏం ఇబ్బంది? డబ్బా ఇచ్చి వచ్చేస్తాను."

"నువ్వు ఒట్టి డబ్బా ఇచ్చి వచ్చే మనిషివి కావు," అని ఆయన మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయాడు.

పరిశోధనశాల గేటు దగ్గర అమ్మ తడబడుతూ నిలబడి ఉండగానే లోపల్నుంచి ఒక పెద్దమనిషి పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆయన జంతువుల గదుల సూపర్వైజరు. అక్కడ ఊడ్చి తుడిచే ఆయా కోడలికి పురుడని సెలవు పెట్టింది. బదులుగా ఒక మనిషిని పంపుతామని ఆఫీసువాళ్లు చెప్పారు. ఆయన పొద్దుటి నుంచీ ఆ మనిషి కోసం గేటు వైపే చూస్తున్నాడు. చేతిసంచీతో, భయం భయంగా నిలబడ్డ నడివయసు ఆడమనిషి కనబడగానే ఆయనకు ఇంకే అనుమానమూ రాలేదు.

"వచ్చారా? రండి, రండి. ఇప్పటికే ఆలస్యమైంది."

"మా అమ్మాయి కోసమండీ..."

"అమ్మాయిలంతా లోపలే ఉంటారు. ముందు చేతులు కడుక్కోండి."

చేతులు కడుక్కోమనగానే అమ్మకు ఆయన మీద గౌరవం కలిగింది. ఆయన ఒక తెల్ల కోటు, టోపీ, ముక్కూ నోరూ కప్పే ముసుగు, చేతి తొడుగులు, కళ్లకు ప్లాస్టిక్ అద్దాలు ఇచ్చాడు. ఒక్కొక్కటీ తొడుక్కుంటున్నకొద్దీ ఆమె గుండె జారిపోయింది. చూసి పోవడానికి వచ్చినవాళ్లకే ఇంత కట్టుదిట్టమైతే రోజంతా లోపల ఉండే తన పిల్ల గతేమిటి? సంచీ గూట్లో పెట్టమన్నాడు. పెట్టింది కానీ డబ్బా మాత్రం ఎవరైనా కాజేస్తారేమోనని కోటు కింద దాచుకుంది.

తర్వాత ఆయన చీపురు చేతికిచ్చి, "మేడం వచ్చేలోగా మూడో గది అద్దంలా ఉండాలి," అని ఎటో మాయమయ్యాడు.

చీపురు చూసి అమ్మ కాస్త తెల్లబోయింది. కొన్ని చోట్ల చెప్పులు విప్పి రమ్మంటారు, ఇక్కడ ఊడ్చి రమ్మంటారు కాబోలు అని సర్దిచెప్పుకుంది. తను కాదంటే ఆ కోపం పిల్ల మీద చూపిస్తారేమో. మూడో గది తలుపు మీద అంటించిన కాగితంలో కూతురి పేరు, కూతురి చేతిరాతలోనే కనబడింది. అంటే ఆ మేడం తన పిచ్చుకే. అమ్మ ఆ పేరు మీద ఒకసారి చెయ్యి పెట్టి, ఛాతీ కొంచెం పెద్దది చేసుకుని లోపలికి వెళ్లింది.

గది చిన్నదే. గోడ వారన ఇనప అరలు, అరల నిండా పంజరాలు, పంజరాల్లో తెల్ల ఎలుకలు. అమ్మకు ఎలుకలంటే పడదు. కానీ ఇవి వంటింట్లో డబ్బాలు కొట్టే రకం కావు. ఆమె లోపలికి రాగానే అన్నీ ముందుకొచ్చి ఊచలు పట్టుకుని నిలబడ్డాయి. నీళ్ల సీసాలు నిండుగా ఉన్నాయి. మేత వేసే గిన్నెలు మాత్రం కడిగినట్టు ఖాళీగా ఉన్నాయి. ఒక్క పంజరంలో కూడా ఒక్క గింజ లేదు.

గోడ మీద ఎర్ర అక్షరాలతో ఒక కాగితం ఉంది. ఇంగ్లీషు. అక్షరాలు కూడబలుక్కోగలదు కానీ మొత్తం కలిపితే ఏమవుతుందో తెలియదు. ఎర్ర అక్షరాలంటే కరెంటు గురించే అయి ఉంటుందని తీర్మానించుకుని స్విచ్చులకు దూరంగా నిలబడి ఊడ్చింది.

ఊడుస్తున్నంతసేపూ ఆ ఖాళీ గిన్నెలే కళ్లకు అడ్డం పడ్డాయి. విషయం ఏమిటో ఆమెకు తేటతెల్లమైంది. పిచ్చుక మర్చిపోయింది. తను తినడమే గుర్తుండని పిల్లకు వీటికి పెట్టడం ఏం గుర్తుంటుంది? ఇక అమ్మ ఆలోచన దారి పట్టింది. ఆకలికి ఇవి ఒక్కొక్కటే చచ్చిపోతాయి. గైడు గారు, అంటే పిచ్చుక చేత పరిశోధన చేయించే పెద్దాయన, వచ్చి చూస్తారు. నలుగురిలో నిలబెట్టి తిడతారు. పొమ్మంటారు. డిగ్రీ పోతుంది. పిల్ల గదిలో తలుపు వేసుకుంటుంది. తట్టినా తియ్యదు. అక్కడికి వచ్చేసరికి అమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి, ప్లాస్టిక్ అద్దాలు మసకబారాయి.

కోటు కిందినుంచి డబ్బా తీసింది.

అన్నంలో కూర కలిపి చిన్న చిన్న ముద్దలు చేసింది. ఎలుకకొకటి చొప్పున ఊచల్లోంచి అందించింది. ఎలుకలు రెండు చేతులతో పట్టుకుని, పక్కకు చూడకుండా, ఆమె మొహంలోకే చూస్తూ తిన్నాయి. అమ్మ చీపురు గోడకు ఆనించి అలా చూస్తూ ఉండిపోయింది. తను వండింది ఒకరు చివరి మెతుకు దాకా, ఫోన్ చూడకుండా, లేచి పోకుండా తినడం ఆమె చూసి ఎంత కాలమైందో. ఒక మూల పంజరంలో బక్కచిక్కిన ఎలుక ఒకటి ఉంది. దానికి రెండోసారి పెట్టింది. అదీ తిని ఇంకా చూస్తుంటే, చాలమ్మా, అరగదు, అని మెల్లగా మందలించింది.

డబ్బా అడుగు కనబడ్డాక కింద పడ్డ మెతుకులు ఏరి, తడిగుడ్డతో తుడిచింది. గుడ్డ చేతిలో ఉండగానే ఇంకో సంగతి కంటపడింది. ఎలుకల తోకల మీద నల్లని గీతలు. ఒకదానికి ఒకటి, ఒకదానికి రెండు. ఇంకు మరకలు. బడికి వెళ్లే పిల్లల చేతుల నిండా ఉండేలాంటివే. తిండే మర్చిపోయినవాళ్లు ఒళ్లు తుడుస్తారా అనుకుని, పై అరలోని మొదటి పంజరం ఊచల సందుల్లోంచి ఒక్కొక్క తోకే పట్టుకుని శుభ్రంగా తుడిచింది.

ఆ పని అయ్యేసరికి ఎలుకలు వరసగా పడిపోయాయి.

కారం ఎక్కువైందనే అమ్మకు మొదట తోచింది. ఊచల్లోంచి ఒక దాని పొట్ట మీద వేలు పెట్టి చూసింది. పొట్ట పైకీ కిందికీ ఆడుతోంది. అది ఒక కన్ను తెరిచి, ఇంతేనా అన్నట్టు చూసి, మళ్లీ ముడుచుకుని పడుకుంది. నిద్ర. అమ్మ గోడకు జారగిలబడి ఊపిరి తీసుకుంటుండగా తలుపు తెరుచుకుంది.

పిచ్చుక వచ్చింది.

చిక్కిపోయింది. కోటు భుజాల మీంచి వేలాడుతోంది. కళ్ల కింద నలుపు. అమ్మ నోరు తెరిచింది, కానీ పిల్ల ఆమె మొహం వైపు చూడనే లేదు. బల్ల మీద సీసాలు సర్దుకుంటూ అంది:

"కొత్తగా వచ్చారా? నిలబడ్డారేం, ఆ స్టూలు మీద కూర్చోండి."

అమ్మ కూర్చుంది. గొంతు విప్పితే నలుగురికీ తెలిసి పిల్లకు చిన్నతనమేమో అన్న భయం ఒకటి. దానికన్నా పెద్దది, పిల్ల తనంతట తను మాట్లాడుతోంది. కదిలిస్తే ఆగిపోతుంది.

పిచ్చుక పంజరాల్లోకి తొంగిచూసింది. "నీరసించి పడుకున్నాయి, పాపం. రాత్రంతా పస్తు కదా. వీటిని పస్తు పెట్టి నాకూ తినబుద్ధి కాలేదు."

అమ్మ కోటు కింద ఖాళీ డబ్బాను రెండు చేతులతో నొక్కి పట్టుకుంది.

"జాలేస్తోందా? నాకూ వేస్తుంది. కానీ ఖాళీ కడుపు మీదైతేనే ఆ మందు కాలేయాన్ని పట్టుకుంటుంది. కడుపులో తిండి ఉంటే ఒళ్లు తట్టేసుకుంటుంది. అప్పుడు ఆకు కాపాడిందో, అన్నం కాపాడిందో ఎవరు చెప్పగలరు?"

గోడ మీది ఎర్ర అక్షరాలు కరెంటు గురించి కావని అమ్మకు అప్పుడు తెలిసింది.

పిచ్చుక ఇంకో స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చుంది, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. ఎవరో తెలియని మనిషికి మనసులో ఉన్నది చెప్పుకోవడం సులువు కాబోలు. ఇది మూడోసారి చేయడమని చెప్పింది. మొదటి రెండుసార్లూ ఆకు తిన్న ఎలుకలూ బాగున్నాయి, తినని ఎలుకలూ బాగున్నాయి. అందరూ బాగుంటే ఆకు గొప్పేముంది? ఈసారీ అంతే అయితే ఆ తీగను వదిలేసి వేరే పని చూసుకోమన్నారు గైడు గారు. ఇన్నేళ్లు కడిగి, ఆరబెట్టి, నూరి, వడకట్టి తీసిన పదార్థం బూడిదలో పోసినట్టే.

"ఇంట్లో చెప్పలేదు," అంది పిచ్చుక, చేతి తొడుగు వేళ్లు లాక్కుంటూ. "మా అమ్మకి చెప్తే నాకంటే ముందు ఆవిడ పడిపోతుంది. ఆవిణ్ణి ఓదార్చే ఓపిక నాకిప్పుడు లేదు. అందుకే ఫోన్ ఎత్తను. ఎత్తితే, చేతులు కడుక్కున్నావా అని మొదలుపెట్టి, తిన్నావా అంటుంది. ఆ మాటకే నాకు ఏడుపొచ్చేస్తుంది."

అమ్మ చెయ్యి పిల్ల మోకాలి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"ఒక్క పూట ఏమీ అడక్కుండా ఒళ్లో పడుకోనిస్తే చాలు. కానీ అడక్కుండా ఉండటం ఆవిడ వల్ల కాదు."

అమ్మకు ఆ స్టూలు మీద అలా ముసుగుతోనే ఎప్పటికీ కూర్చోవాలనిపించింది. ఇన్ని నెలలుగా ఎదురుచూసిన మాటలివే. తను వినకూడనప్పుడు, తను కాకుండా ఉన్నప్పుడు దొరికాయి. నోరు విప్పితే ఇవి ఆగిపోతాయి. విప్పకపోతే, ఎలుకలన్నీ మూడోసారీ దుక్కల్లా లేచి తిరుగుతాయి, తన పిల్ల ఏళ్ల కష్టం తను కలిపిన ముద్దల్లో కలిసిపోతుంది. జీవితమంతా జరగని కీడు కోసం వణికిన మనిషికి, జరగబోయే కీడును తన చేతులతోనే తెచ్చిపెట్టడం ఇదే మొదటిసారి.

ఇంతలో గైడు గారు, వెనకే సూపర్వైజరు వచ్చారు. సమయమైందన్నారు. పిచ్చుక లేచి మందు సిరంజిలోకి తీసి మొదటి పంజరం తెరిచింది. ఒక ఎలుకను ఎత్తి పట్టుకుంది. అది నిండుకుండలా ఆమె అరచేతిలో ఒరిగిపోయింది.

అమ్మ లేచి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు పిచ్చుకా. అవి తిన్నాయి."

పిచ్చుక ఆ ప్లాస్టిక్ అద్దాల్లోకి, మొదటిసారిగా, చూసింది.

"అమ్మా?"

అమ్మ ముసుగు దించింది. గైడు గారికి ఆ మనిషి ఎవరో, ఏమిటో తెలియడానికి కాస్త వ్యవధి పట్టింది. తెలిశాక చాలా నెమ్మదిగా అడిగారు. కోపం ఎక్కువైనప్పుడు ఆయన గొంతు తగ్గుతుంది.

"ఏం పెట్టారు?"

"అన్నం, కూరండీ."

"ఏ గుంపుకి?"

"తేడా చూపించలేదండీ. అందరికీ సమానంగానే పెట్టాను. మూలనున్న బక్కదానికి మాత్రం రెండోసారి."

ఆయన కళ్లు పిల్ల చేతిలోని ఎలుక తోక మీద పడ్డాయి. "ఏ ఎలుక ఏదో చెప్పే గుర్తులేవి?"

"మరకలనుకుని తుడిచానండీ. ఒక్క పంజరానివే. మిగతావీ తుడిచేదాన్నే, ఇంతలో పిల్ల వచ్చింది."

గైడు గారు కళ్లు మూసుకున్నారు. పిచ్చుక పాలిపోయిన మొహంతో, ఆ పంజరంలో ఒక్కొక్క ఎలుక బరువూ రాసి పెట్టుకున్నానని, తూచి మళ్లీ గుర్తులు పెట్టవచ్చని గొణిగింది. అమ్మ చేతులు జోడించి, తప్పంతా తనదేనని, పిల్లను ఏమీ అనొద్దని, కావాలంటే తనను పోలీసులకు పట్టించమని మొదలుపెట్టింది. అక్కడి నుంచి జైలు దాకా వెళ్లేదే, కానీ సూపర్వైజరు మధ్యలో కలగజేసుకున్నాడు. ఆమెను లోపలికి తెచ్చింది తనే కనక ఆయన భయం ఆయనది. సంగతిని చిన్నది చేయాలని చూశాడు.

"ఇందులో అంత కంగారేముంది సార్? మన పాత ఆయా కూడా ఇంతే, మెత్తటి మనిషి. వీటికి రొట్టెముక్కలు పెడుతూనే ఉంటుంది. నేనూ చూసీ చూడనట్టు పోతాను."

గైడు గారు కళ్లు తెరిచారు. "ఎప్పుడు పెడుతుంది?"

"పస్తు ఉన్న రోజుల్లోనే సార్. మామూలు రోజుల్లో వాటికి ఎందుకు?"

పిచ్చుక ఎలుకను మెల్లగా పంజరంలో పెట్టి, తలుపు మూసి, నేల మీద చతికిలబడింది.

"మొదటిసారి కూడానా?" అని అడిగింది.

"రెండుసార్లూ పెట్టింది మేడం. మంచి మనిషి," అన్నాడు సూపర్వైజరు, ఇప్పటికీ అది మెచ్చుకోలే అనుకుంటూ.

పిచ్చుక నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూనే మోకాళ్లలో మొహం పెట్టుకుంది. గైడు గారు అటూ ఇటూ నాలుగడుగులు వేసి, అలాగని ఆకు పనిచేస్తుందని ఇప్పుడే అనుకోవద్దని హెచ్చరించారు. పనిచేయదని మాత్రం ఇంకా తేలలేదని, రెండుసార్లూ జరిగింది అసలు ప్రయోగమే కాదని అన్నారు. ఆ రెండు మాటలకూ తేడా అమ్మకు పూర్తిగా అర్థం కాలేదు. పిల్ల మొహంలోకి రంగు తిరిగి రావడం అర్థమైంది.

సాయంత్రం నుంచి ఎలుకలకు మళ్లీ పస్తు పెట్టి మర్నాడు మందు ఇవ్వాలని తేల్చారు. గది తాళంచెవి గైడు గారు తన జేబులో వేసుకున్నారు. పిచ్చుకతో ఇవాళ్టికి ఇక్కడ పనేమీ లేదని, ఇంటికి పొమ్మని అన్నారు.

"మీ అమ్మగారిని కూడా తీసుకెళ్లు," అన్నారు. "ముఖ్యంగా అమ్మగారిని."

బస్సులో అమ్మ నోట్లో ప్రశ్నలు బారులు తీరాయి. ఆ కళ్ల కింద నలుపేమిటి, రాత్రిళ్లు పడుకుంటున్నావా, అంతలా చిక్కిపోయావేం. ఒక్కొక్కటీ పెదవుల దాకా వచ్చేది. ఆమె కిటికీ ఊచ గట్టిగా పట్టుకుని వాటిని మింగేసింది. పిచ్చుక రెండుసార్లు ఆమె వైపు చూసింది, ఇంకా ఏమీ అడగలేదేమిటా అన్నట్టు. తర్వాత తల తెచ్చి ఆమె భుజం మీద పెట్టింది.

ఇంటి దగ్గర నాన్న తలుపు తీసి, కూతుర్ని చూసి, పేపరు మడిచాడు. అమ్మను పక్కకు పిలిచి, ఇచ్చావా డబ్బా అని అడిగాడు.

"ఇచ్చాను."

"తిందా?"

"శుభ్రంగా తిన్నారు," అంది అమ్మ, ఇంకేమీ చెప్పకుండా.

వంట మళ్లీ మొదలుపెట్టాలని కొంగు బిగించింది. పిచ్చుక వంటింటి గుమ్మం దాకా వచ్చి, అన్నం ఉడికేలోగా ఒక్క నిమిషం వాలతానంది. ఎక్కడ అని అడగలేదు. అమ్మ పొయ్యి వెలిగించకుండానే వచ్చి నేల మీద కూర్చుంది. పిల్ల ఒళ్లో తల పెట్టింది, పెట్టిన మరుక్షణం నిద్రపోయింది.

అమ్మకు వెంటనే రెండు దిగుళ్లు పట్టుకున్నాయి. నిన్నటి నుంచి ఏమీ తినలేదు, లేపాలి. ఇన్నాళ్లకు పడుకుంది, లేపకూడదు. ఎటూ తేల్చుకోలేక పిల్ల జుట్టులో వేళ్లు పెట్టి అలాగే కూర్చుంది. కిటికీలోంచి ఎండ నేల మీద జరుగుతూ గోడెక్కింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. కడుపులో ప్రశ్నలన్నీ అలాగే ఉన్నాయి. ఒళ్లో బరువుంది. ఈ బరువు రేపు పొద్దున్నే లేచి మళ్లీ ఆ మూడో గదికే వెళ్లిపోతుందని తెలుసు. ఇంకా వెళ్లకముందే అమ్మకు బెంగ మొదలైంది.

పిచ్చుక చేతి పక్కన ఫోన్ చప్పుడు లేకుండా వణికింది. పిల్ల లేస్తుందేమోనని అమ్మ గబుక్కున ఎత్తి చెవిన పెట్టుకుంది. గైడు గారు. ఎవరు మాట్లాడుతున్నారో తెలుసుకుని, ఆయన ఒక్క క్షణం ఆగి, ఇంట్లోనే ఉన్నారా అని అడిగారు.

"ఇంట్లోనే ఉన్నానండీ," అంది అమ్మ, పెదవులు మాత్రమే కదిలేలా.

"మంచిది. రేపటిదాకా అక్కడి నుంచి కదలకండి."

"కదిలే వీలు లేదండీ," అని అమ్మ ఫోన్ కింద పెట్టేసింది.